ఎవరి తప్పు ఎవరి ఖాతాలో

ప్రశ్న: మాది హైదరాబాద్, మాసబ్‌ట్యాంక్ ప్రాంతం. పెళ్లయ్యాక అమెరికా వచ్చి పంతొమ్మిదేళ్లుగా డాలస్ దగ్గర ఉంటున్నాం. నెల క్రితం, పదకొండో తరగతి చదువుతున్న మా అబ్బాయిని ట్యూషన్ నుంచి తీసుకొస్తూ గ్యాస్ స్టేషన్‌లో ఆగాను. పని ముగించుకుని కారులో కూర్చున్నాక ఒక నల్లజాతి వ్యక్తి మా వైపు నడిచి వస్తూ కనిపించాడు. నా చెయ్యి దానంతటదే తాళం మీట మీదికి పోయింది. టక్కుమని చప్పుడైంది. ఆయన అక్కడే ఆగిపోయి, ట్యాంకు మూత తెరిచే ఉందని చేత్తో చూపించి వెళ్లిపోయాడు. మా అబ్బాయి, "అమ్మా, ఇందాక ఒక తెల్లాయన మన కారును రాసుకుంటూ వెళ్లాడు. అప్పుడు నువ్వు తాళం వేయలేదు. నువ్వు రేసిస్టువి" అన్నాడు. అప్పటి నుంచి నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు.

నేను జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. మా ఆఫీసులో ఒక నల్లజాతి సహోద్యోగి ఉంది, మా గృహప్రవేశానికి చీర కట్టుకుని వచ్చింది. ఆమె మిగతావాళ్లలా కాదు, చాలా మంచిది. కానీ మా తమ్ముడు చదువుకునే రోజుల్లో షికాగోలో ఒక రాత్రి తుపాకీ చూపించి ఫోను, పర్సు లాక్కున్నారు. టీవీలో రోజూ చూస్తూనే ఉంటాం. జాగ్రత్తపడటం తప్పా? మా అద్దె ఇల్లు కూడా, ఆన్‌లైన్‌లో పెడితే చాలామంది అడిగారు గానీ, గొడవలెందుకని మనవాళ్లకే ఇచ్చాం. ఎవరితోనూ పేచీ లేకుండా బతుకుతున్నాం. నేను అలాంటిదాన్ని కాదని వాడికి ఎలా నచ్చజెప్పాలి? (పేరు వద్దు)

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అద్దె ఇంటి గురించి రాసిన వాక్యం దగ్గర మూడుసార్లూ ఆగాను. దాని దగ్గరికి వస్తాను గానీ ముందు మీ అబ్బాయి సంగతి చూద్దాం.

వాడికి నచ్చజెప్పే దారి నా దగ్గర లేదు. ఎందుకంటే లెక్క వాడు సరిగ్గా వేశాడు. ఆ సాయంత్రం మీ కారు దగ్గరికి ఇద్దరు మనుషులు వచ్చారు. మీ ఉత్తరంలో మీ మాటల్లో ఉన్నది ఒక్కడే. రెండోవాడు మీ అబ్బాయి నోటి నుంచి వస్తే తప్ప మీకు గుర్తే లేడు. మీరు అబద్ధం ఆడుతున్నారని అనడం లేదు. ఆ తెల్లాయన మీ మనసులో నిజంగానే నమోదు కాలేదు. అసలు కథంతా అక్కడే ఉంది.

మన ఇళ్లలో పిల్లి ఎదురొస్తే ఆగి, నీళ్లు తాగి బయల్దేరేవారు గుర్తున్నారా? మా నాన్నగారి మేనత్త ఒకావిడ ఉండేది. పిల్లి ఎదురొచ్చిన రోజు బస్సు తప్పిపోయిన సంగతి ముప్పై ఏళ్లపాటు చెప్పింది. పిల్లి ఎదురొచ్చినా బస్సు దొరికిన రోజులు ఎన్ని, పిల్లి రాకుండానే బస్సు తప్పిన రోజులు ఎన్ని, రెండూ జరగని రోజులు ఎన్ని అని ఎవరూ అడగలేదు. అడిగితే శకునం నిలవదు. నాలుగు గళ్లు నింపాల్సిన చోట ఒక్క గడి నింపి, దానికి అనుభవం అని పేరు పెట్టాం. కాకి వాలిందీ, తాటిపండు రాలిందీ. మన పూర్వులు దీనికి కాకతాళీయం అని మాట కూడా కట్టిపెట్టారు. అయినా ఆ మాటను పక్కవాళ్ల నమ్మకాల మీద తప్ప మన నమ్మకాల మీద వాడం.

ఈ గళ్ల పొరపాటు మనుషుల విషయంలో ఎలా పనిచేస్తుందో 1976లో డేవిడ్ హామిల్టన్, రాబర్ట్ గిఫర్డ్ అనే ఇద్దరు పరిశోధకులు చేసి చూపించారు. అది ఎంత చిన్న ప్రయోగమంటే ఇంట్లో కాగితాల మీద కూడా చేయవచ్చు. రెండు జట్లు. వాటికి పేర్లు కూడా లేవు, ఎ, బి అంతే. రంగు లేదు, దేశం లేదు, మతం లేదు. ఎ జట్టు మనుషుల గురించి 26 వాక్యాలు, బి జట్టు మనుషుల గురించి 13. ఎవరో ఆస్పత్రిలో ఉన్న స్నేహితుణ్ని చూడటానికి వెళ్లారనే తరహా వాక్యాలన్నమాట. ఎ జట్టులో 18 మంచి పనులు, 8 చెడ్డవి. బి జట్టులో 9 మంచివి, 4 చెడ్డవి. పాళ్లు చూడండి, రెండూ ఒక్కటే. తర్వాత ఏ పని ఏ జట్టువారు చేశారో చెప్పమంటే, చదివినవారు బి జట్టు ఖాతాలో ఉన్నవాటికంటే ఎక్కువ చెడ్డ పనులు వేశారు. బి జట్టు మీద తక్కువ మార్కులూ వేశారు. కారణం సూక్ష్మమైనది. తక్కువగా కనిపించే మనుషులు కంటికి ఆనుతారు. తక్కువగా జరిగే చెడూ కంటికి ఆనుతుంది. ఆ రెండూ కలిసి వచ్చిన సందర్భం మనసులో మేకులా దిగుతుంది. ఎవరి మీదా ద్వేషం లేని ప్రయోగశాలలో, పేరు కూడా లేని జట్టు మీద ఇంత జరిగితే, నాలుగు వందల ఏళ్ల చరిత్ర మోస్తున్న మనుషుల మీద ఎంత జరగాలి?

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి. అతనికి జరిగింది చిన్న విషయం కాదు. ఆ రాత్రి అతను పడిన భయం నిజం, మీరు ఫోనులో విని పడిన భయమూ నిజం. నేను దాన్ని కొట్టిపారేయను. కానీ అదే ఏడాది షికాగోలో అతన్ని కాలేజీకి తీసుకెళ్లిన బస్సు నడిపినవారు, లైబ్రరీ గుమ్మం దగ్గర కాపలా కూర్చున్నవారు, జ్వరం వస్తే రక్తం తీసిన నర్సు, ఉత్తరాలు తెచ్చిన మనిషి వీరిలో ఎంతమంది నల్లజాతివారో అతన్ని అడగండి. తడుముకుంటాడు. ఏమీ జరగని రోజుకు చిట్టాలో పద్దు ఉండదు. టీవీ కూడా ఇంతే. "నిన్న సాయంత్రం గ్యాస్ స్టేషన్‌లో ఒకాయన ట్యాంకు మూత తెరిచి ఉందని చెప్పి వెళ్లిపోయాడు" అని ఏ చానల్లోనూ రాదు.

ఇక్కడ మీవారో, మీ స్నేహితులో ఒక మాట అంటారని నాకు తెలుసు. ఈ శీర్షికకు ఇలాంటి ఉత్తరాలు రావడం మొదటిసారి కాదు. "లెక్కలు చూడండి, అరెస్టయినవారిలో వాళ్లే కదా ఎక్కువ" అంటారు. ఈ వాదనలో చాలా తెలివైనవారు, గణితం చదివినవారు కూడా బోర్లా పడతారు. దొంగల్లో ఫలానా వారు ఎంతమంది అన్నది ఒక ప్రశ్న. ఫలానా వారిలో దొంగలు ఎంతమంది అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిదానికి వచ్చిన జవాబును రెండోదానికి అతికిస్తాం. ఇది పరాయివారి ఉదాహరణతో అర్థం కాదు, మన ఉదాహరణ చెబుతాను.

2019 జనవరిలో మిచిగాన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది వీసా మోసాలను పట్టుకోవడానికి ప్రభుత్వ అధికారులే వలగా పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. వారిలో మన తెలుగు పిల్లలు చాలామంది. ఆ వారం ఒక అమెరికన్ యజమాని మీ తమ్ముడి లాంటివాడి దరఖాస్తు చూసి, "లెక్కలు చూడండి, 130లో 129, జాగ్రత్తపడటం తప్పా" అని పక్కన పెడితే మీరేమంటారు? ఆ దేశంలో ఒళ్లు వంచి చదువుకుంటున్న వేలమంది లెక్కలోకి రారా అంటారు. సరిగ్గా అంటారు.

ఆ పిల్లల గురించి అప్పుడు మన ఇళ్లలో ఏమనుకున్నామో కూడా గుర్తు చేసుకోండి. ఏజెంట్లు మోసం చేశారు, అప్పులు చేసి వెళ్లారు, వీసా నిబంధనలు అలా ఉన్నాయి, పాపం ఏం చేస్తారు అనుకున్నాం. అందులో చాలావరకు నిజమే కూడా. మనవాడి తప్పుకు పరిస్థితులు వెతుకుతాం. పరాయివాడి తప్పుకు పరిస్థితులు ఉండవు, స్వభావమే ఉంటుంది. షికాగోలో మీ తమ్ముడికి తుపాకీ చూపినవాడు ఏ పేటలో పుట్టాడో, ఆ పేట అలా ఎందుకు ఉందో మీరు ఎప్పుడైనా అనుకున్నారా? అతన్ని క్షమించమని అడగడం లేదు, దోపిడీ దోపిడీయే. మనవాడికి ఇచ్చిన వెసులుబాటు అక్కడ ఎందుకు గుర్తు రాలేదో చూడమంటున్నాను.

మీ సహోద్యోగి గురించి మీరు రాసిన చిన్న ముక్క నాకు ఇంకా ముఖ్యం. "ఆమె మిగతావాళ్లలా కాదు." పాత వ్యాపారులు రోజువారీ పద్దులు చిట్టాలో రాసి, తర్వాత ఎవరి పేరు మీదివి వారి ఖాతాకు ఎక్కించేవారు. మీ మనసులోని గుమస్తా ఏం చేస్తున్నాడో చూడండి. షికాగో దొంగ చేసిన పనిని ఆ జాతి మొత్తం ఖాతాకు ఎక్కించాడు. మీ సహోద్యోగి మంచితనాన్ని ఆమె సొంత ఖాతాకు ఎక్కించాడు. నష్టాలన్నీ ఉమ్మడి, లాభాలన్నీ విడివిడి. ఈ పద్ధతిలో ఇంకో నలభై ఏళ్లు రాసినా, ఇంకో వందమంది మంచివారు మీ ఇంటికి చీర కట్టుకుని వచ్చినా, ఆ ఉమ్మడి ఖాతా బాగుపడదు. వచ్చిన ప్రతి మంచి మనిషీ "మిగతావాళ్లలా కాదు" అనే పక్క గదిలోకి వెళ్లి కూర్చుంటారు. ఆ గది ఎంత నిండినా అసలు గదిలో లెక్క మారదు. అందుకే నల్లజాతి స్నేహితురాలు ఉండటం మీ అబ్బాయి ప్రశ్నకు జవాబు కాదు. ఆమె దగ్గరికి వెళ్లి "నేను అలాంటిదాన్నా చెప్పు" అని అడిగే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. మీ చిట్టాకు ఆమె ఎందుకు సంతకం పెట్టాలి?

గుర్తుంచుకోవడంలో వచ్చే తేడా సరే, కళ్లెదుట జరిగేది మాత్రం ఉన్నదున్నట్టే చూస్తాం కదా అనుకుంటాం. అది కూడా లేదు. 1976లోనే కాలిఫోర్నియాలో బర్ట్ డంకన్ అనే పరిశోధకుడు తెల్లజాతి విద్యార్థులకు ఒక దృశ్యం చూపించాడు. ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటారు, మాట మాట పెరుగుతుంది, చివర ఒకడు ఇంకొకణ్ని తోస్తాడు. మాటలు అవే, తోపు అదే, మనుషుల రంగు మాత్రమే మార్చాడు. నల్లవాడు తెల్లవాణ్ని తోసినప్పుడు, చూసినవారిలో 75 శాతం మంది దాన్ని దౌర్జన్యం అన్నారు. తెల్లవాడు నల్లవాణ్ని తోసినప్పుడు అలా అన్నవారు 17 శాతం. మిగతావారిలో చాలామందికి అది ఆటపట్టించడంగానో, కాస్త అతిగా నటించడంగానో కనిపించింది. వారిని పిలిచి అడిగితే ప్రమాణం చేసి చెబుతారు, మా కళ్లతో చూశాం అని. చూశారు కూడా. చిట్టాలో పద్దు పడకముందే, కంటి దగ్గరే ఒక గుమస్తా కూర్చుని ఉన్నాడు.

మీ వైపు నడిచి వస్తున్న మనిషిలో మీరు చూసిందీ అంతే. సాయం చేయడానికి వచ్చే మనిషి నడకా, దోచుకోవడానికి వచ్చే మనిషి నడకా ఇరవై అడుగుల దూరం నుంచి ఒకలాగే ఉంటాయి. ఖాళీ ఉన్న చోట మీ మనసు తన దగ్గర ఉన్న బొమ్మతో నింపింది.

ఇదే నింపుడు మన మీదికి తిరిగిన రోజూ ఉంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతలో, ఆఫీసు అయ్యాక స్నేహితుడితో కూర్చున్న శ్రీనివాస్ కూచిభొట్లను ఒకడు కాల్చి చంపాడు. మా దేశం నుంచి పొండి అని అరిచాడు. తర్వాత పక్క రాష్ట్రానికి పారిపోయి, తాను ఇద్దరు ఇరానీయులను కాల్చానని చెప్పుకున్నాడు. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరు అతని కంటికి ఇరానీయుడు, ఇరానీయుడంటే శత్రువు. మీ తాళం మీటకూ అతని తుపాకీకీ పోలిక పెట్టడం అన్యాయం, పెట్టడం లేదు. కానీ ఆ వారం డాలస్‌లో మీ వీధిలో నడుస్తున్నప్పుడు, ఎదురుగా వచ్చే మనిషి మిమ్మల్ని ఎవరనుకుంటున్నాడో అని మీకు కడుపులో తిప్పి ఉంటుంది. గ్యాస్ స్టేషన్‌లో టక్కుమన్న చప్పుడు వినగానే ఆగిపోయిన ఆ పెద్దమనిషికి ఆ తిప్పడం రోజూ ఉండేదే. ఆయన ఇంకో అడుగు ముందుకు వేయకుండా దూరం నుంచే చేత్తో చూపించాడని మీరే రాశారు. అంత జాగ్రత్త ఆయనకు ఎక్కడ అలవాటైందో ఒక్క నిమిషం ఆలోచించండి.

ఇక నా సంగతి చెప్పకపోతే ఈ జవాబు సగమే నిజం అవుతుంది. కొన్నేళ్ల కిందట హైదరాబాద్‌లో నేనున్న అపార్ట్‌మెంట్‌ సంఘానికి కార్యదర్శిగా పనిచేశాను. నాలుగో అంతస్తులో ఆఫ్రికా నుంచి వచ్చిన ముగ్గురు విద్యార్థులు అద్దెకు ఉండేవారు. ఒక శనివారం రాత్రి పుట్టినరోజు పార్టీ చేసుకున్నారు, పన్నెండు దాకా పాటలు మోగాయి. తర్వాతి సమావేశంలో "విదేశీ విద్యార్థులకు ఇకపై అద్దెకు ఇవ్వరాదు" అని తీర్మానం వచ్చింది. మినిట్స్ పుస్తకంలో రాసింది నేనే, కింద సంతకం నాదే. అదే ఏడాది మా సెల్లారులో రెండు పెళ్లిళ్లు, ఒక ఓణీల ఫంక్షన్ జరిగాయి. డీజే ఒంటిగంట దాకా మోగింది. వాటి మీద తీర్మానం సంగతి అటుంచి, నేను వెళ్లి భోజనం చేసి వచ్చాను. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి నాకు ఆరేళ్లు పట్టింది. అదీ నా గొప్ప కాదు, పాత కాగితాలు సర్దుతుంటే ఆ మినిట్స్ పుస్తకం చేతికి తగిలింది. ఆ ముగ్గురి పేర్లు అందులో లేవు. నాకూ గుర్తు లేవు.

కాబట్టి ఇదంతా మీకు అమెరికాలో అంటుకున్న జబ్బు అనుకోకండి. ఇల్లు చూపించే ముందు "మీరేమిట్లు?" అని అడిగే ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లం మనం. ఆడపిల్ల పుట్టగానే రంగు చూసి, నల్లగా ఉంటే "నలుపు నారాయణ మెచ్చు" అని ఓదార్చే ఇళ్లు మనవి. ఓదార్పు ఎందుకు కావలసి వచ్చిందో మాత్రం అడగం. మీరు మాసబ్‌ట్యాంక్ అన్నారు కదా, పక్కనే ఏసీ గార్డ్స్. ఆ ఏసీ ఏమిటో చిన్నప్పుడు ఎవరైనా చెప్పారా? నాకు చెప్పలేదు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కొలువులో గుర్రాల మీద కాపలా కాసిన సిద్దీ సైనికులు. వారి వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. హైదరాబాద్ బరాత్‌లలో మోగే మర్ఫాలో వారి చెయ్యి ఉంది. మీరు పుట్టి పెరిగిన ఊళ్లోనే, బస్టాపు పేరులోనే, తరాలుగా ఉన్న మనుషులు మన చిట్టాకు ఎక్కలేదు. అలా ఖాళీగా ఉంచిన పేజీలోనే టీవీ రాసుకుపోయింది.

సరే, అద్దె ఇల్లు.

తాళం మీట వల్ల ఆ పెద్దమనిషికి ఒక చేదు నిమిషం మిగిలింది. అద్దె ఇంటి వల్ల ఒక కుటుంబానికి ఇల్లు దక్కలేదు, బహుశా నాలుగైదు కుటుంబాలకు. మీరు ఎవరినీ కాదనలేదు, నిజమే. జవాబు ఇవ్వలేదు, అంతే. ఇందులో చెడ్డతనం ఎక్కడా కనిపించదు. మనవాళ్లకు మేలు చేశామన్న తృప్తి మాత్రం కనిపిస్తుంది. ఈ కాలపు వివక్షలో ఎక్కువ భాగం ఇలాగే జరుగుతుంది. పరాయివాణ్ని తరమక్కర్లేదు, మనవాణ్ని పిలిస్తే చాలు.

2000వ దశకం తొలినాళ్లలో మరియాన్ బెర్ట్రాండ్, తమిళనాడులో పుట్టిన సెంథిల్ ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగో పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు సుమారు 5,000 కల్పిత దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం సమానంగా ఉండేట్టు చూసి, పేర్లు మాత్రం మార్చారు. సగం ఎమిలీ, గ్రెగ్ లాంటి తెల్లవారి పేర్లు, సగం లకీషా, జమాల్ లాంటి నల్లజాతివారిలో వినిపించే పేర్లు. తెల్లవారి పేర్లకు 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. ఈ సంఖ్య చాలాచోట్ల చెబుతారు. నన్ను పట్టుకున్నది దాని పక్కనున్న ఇంకో ఫలితం. దరఖాస్తులో అర్హతలు పెంచితే ఎమిలీకి పిలుపులు బాగా పెరిగాయి, లకీషాకు అంతగా పెరగలేదు. అంటే ఆ కాగితంలో పేరు దాటి కిందికి కళ్లు సరిగ్గా దిగనే లేదు. ఆ దరఖాస్తులు పక్కన పెట్టినవారిలో ఎంతమంది తమను తాము చెడ్డవారు అనుకుని ఉంటారు? వారంతా మీలా, నాలా, పని ఒత్తిడిలో "గొడవలెందుకు" అనుకున్నవారే.

ఇంటి విషయంలో ఈ "గొడవలెందుకు" అన్న మాటకు అక్కడ పెద్ద చరిత్ర ఉంది. 1930లలో ప్రభుత్వ సంస్థే అమెరికా నగరాల పటాలు గీయించి, నల్లజాతివారు ఉండే పేటలకు ఎర్ర రంగు వేయించింది. ఎరుపు అంటే అక్కడ ఇంటి అప్పు ఇవ్వడం ప్రమాదం అని. అప్పు లేదు కాబట్టి ఇళ్లు కొనలేకపోయారు, ఉన్నవి బాగు చేయించుకోలేకపోయారు. పేటలు పాడుపడ్డాయి. తర్వాత వచ్చినవారు ఆ పాడుబడ్డ పేటలను చూసి, చూశారా, వాళ్లు ఉన్నచోటల్లా ఇంతే అన్నారు. ముందు దెబ్బ కొట్టి, తర్వాత వాపును సాక్ష్యంగా చూపించడం ఇది. మీరు టీవీలో చూసే షికాగో వీధుల్లో చాలావాటి మీద ఒకప్పుడు ఆ ఎర్ర రంగు ఉంది. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపారు. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 11న, ఇళ్ల విషయంలో జాతి వివక్షను నిషేధించే చట్టం సంతకమైంది. మీ ఇల్లు దాని కిందికి ఎలా వస్తుందో అక్కడి న్యాయవాదిని అడగండి, నేను చెప్పగలిగేది కాదు. ఇంకొక్క మాట మాత్రం చెబుతాను. 1923లో భగత్‌సింగ్ థిండ్ అనే మన దేశస్థుడి కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవారు కారు, పౌరసత్వానికి తగరు అని తీర్పు ఇచ్చింది. మనవాళ్లకు తలుపు వెడల్పుగా తెరిచిన 1965 వలస చట్టం, నల్లజాతివారు వీధుల్లో లాఠీదెబ్బలు తింటూ సాధించిన పౌరహక్కుల చట్టాల వెనుకే, అదే గాలిలో వచ్చింది. మీ అబ్బాయి ఇది బడిలో చదువుకుని ఉంటాడు. వాడి కోపంలో కొంత అక్కడి నుంచి వచ్చిందేమో.

ఏం చేయాలి అంటారా? మనసును కడిగేసుకునే మంత్రాలేవీ నా దగ్గర లేవు. 1998 నుంచి ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్ అని ఒకటి ఉంది, కంప్యూటర్ మీద మీటలు నొక్కే వేగాన్ని బట్టి లోపలి మొగ్గు చెబుతుంది. మీ అబ్బాయి ఈపాటికి మీ ముందు పెట్టే ఉంటాడు. సరదాగా చేయండి గానీ రక్తపరీక్ష నివేదికలా నెత్తిన పెట్టుకోకండి. అదే మనిషి మళ్లీ చేస్తే ఫలితం మారుతూ ఉంటుంది. రేపటి నుంచి నల్లజాతివారు కనిపిస్తే ప్రత్యేకంగా నవ్వాలని కూడా నిర్ణయించుకోకండి. ఆ నవ్వు వారికి వెంటనే తెలిసిపోతుంది.

ముఖం చూడని నియమాలు పెట్టుకోండి, అది మీ చేతిలో ఉన్న పని. కారు ఎక్కి కూర్చోగానే తాళం వేయండి, ఎదురుగా ఎవరున్నా, ఎవరూ లేకపోయినా. ఒంటరిగా బండి నడిపే ఆడమనిషికి అది మంచి అలవాటు, నేనూ వేస్తాను. అప్పుడు ఆ చప్పుడు ఎవరి గురించీ ఉండదు. అద్దె ఇంటికి కూడా అంతే. ప్రకటన పెట్టకముందే ఒక కాగితం మీద రాసుకోండి. నెలకు ఎంత ఆదాయం ఉండాలి, పాత యజమాని నుంచి ఏం తెలుసుకోవాలి, ఎంత అడ్వాన్సు అని. ఆ కొలతకు సరిపోయినవారిలో ఎవరు ముందు అడిగితే వారికి. అడిగిన ప్రతివారికీ ఒకటే జవాబు, ఒకటే మాటల్లో. తెలుగు వాట్సాప్ గుంపులో పెట్టిన రోజే ఆన్‌లైన్‌లోనూ పెట్టండి, ఒక్క గంట కూడా ముందు కాదు. పేర్లు చూడకుండా కాగితాలు మీకు అందించే పని మీ అబ్బాయికి అప్పగించండి. వాడు సంతోషంగా చేస్తాడు, కొంచెం గర్వంగా కూడా.

వాడితో మాట్లాడేటప్పుడు, అన్న మాట వెనక్కి తీసుకోమని అడగవద్దు. "నువ్వు ఇద్దర్ని లెక్కపెట్టావు, నేను ఒక్కణ్నే చూశాను" అనండి. ఇంకేమీ కలపవద్దు. వెంటనే మేనమామ సంగతి ఎత్తవద్దు. వాడి వైపు కూడా ఒక లెక్క తప్పింది, ఆ సంగతి వారమో పది రోజులో ఆగి చెప్పవచ్చు. మీరు చేసిన ఒక్క పనిని పట్టుకుని మీ స్వభావం మొత్తానికి పేరు పెట్టేశాడు. పరాయివాడి తప్పుకు స్వభావం, మనవాడి తప్పుకు పరిస్థితి అన్నాం కదా, ఆ సాయంత్రం కారులో వాడికి మీరు కాసేపు పరాయివారు అయ్యారు. అది మీకు ఎంత నొప్పిగా ఉందో మీ ఉత్తరం నిండా ఉంది.

ఆ అద్దె ఇల్లు అడుగుతూ వచ్చిన సందేశాలు ఇంకా మీ ఫోనులోనో, మెయిల్లోనో ఉండే ఉంటాయి. ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని తెరవండి. ముందు పేర్లు కనిపించకుండా కాగితం అడ్డం పెట్టి ఆదాయం, ఉద్యోగం, ఎంతమంది ఉంటారు అన్నవి వరుసగా రాసుకోండి. తర్వాత కాగితం తీసి పేర్లు చూడండి. వాటిలో ఎన్నింటికి మీరు జవాబు ఇచ్చారో, ఎన్నింటికి ఇవ్వలేదో లెక్కపెట్టండి. ఇప్పుడున్నవారి లీజు ఎప్పుడు ముగుస్తుందో మీ ఉత్తరంలో లేదు. నాకు మళ్లీ రాసేటప్పుడు ఆ రెండు అంకెలతో పాటు ఆ తేదీ కూడా రాయండి.